బుగుమ పేరు పెట్టిన ప్రాణి

"రానంటే రాను. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు నాచేత?"

తలుపు అవతల నుంచి కోదు గొంతు. పొద్దున్నుంచీ అదే మాట.

లతీర్ అరచేత్తో తలుపు బాదాడు. "ఒసే కోదూ! మీ ఆయన పండగ బట్టలు వేసుకుని గంట నుంచి వాకిట్లో నిలబడ్డాడే. ఫతీక్ నుంచి అంత దూరం బస్సులో నలిగి డకార్ దాకా వచ్చింది దేనికి? నా ఇంట్లో చేపలన్నం తిని పోదామనా?"

"తిననులే నీ అన్నం."

"అన్నం గురించా నేనంటున్నది!"

"మరి అన్నం మాటెందుకు ఎత్తావు?"

చెల్లెలితో నోటికి నోరు పెట్టి గెలిచిన రోజు లతీర్ జన్మలో లేదు. తల్లి వైపు చూశాడు. దిబోర్ ముసలమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, పళ్ళపుల్ల నములుతోంది.

"నువ్వైనా చెప్పమ్మా."

"ఏం చెప్పను? దాని కడుపుకోత దానిది." ముసలమ్మ పుల్ల తీసి, గొంతు పెంచింది. తలుపుకి వినబడాలని. "అయినా ఏ తల్లైనా ఇంత మొండికేస్తుందా? బిడ్డ తాలూకు పిసరంత ప్రాణం ఎక్కడో మిగిలిందంటే చెప్పుల్లేకుండా పరిగెత్తుకుపోదూ? రాయి. ఇది రాయి."

లోపల మంచం కిర్రుమంది.

వంటింటి గుమ్మంలో నిలబడి లతీర్ భార్య తెనింగ్ ఇదంతా వింటోంది. ఆమె చెయ్యి జేబులో ఉంది. జేబులో మడత పెట్టిన ఉత్తరం ఉంది. గురువారం వచ్చింది, ఇవాళ శనివారం. సోమవారంలోగా జవాబు పంపాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో కోదు కొడుకు పోయాడు. పద్నాలుగు నెలలవాడు. వాడికి ముందు ఇద్దరు పోయారు కాబట్టి వీడికి బుగుమ అని పేరు పెట్టారు. 'నాకొద్దు' అని. మా సెరేర్ తెగవాళ్ళలో అంతే, పోయినవాళ్ళ వెనక పుట్టినవాణ్ణి ముద్దుగా పిలవం. తల్లే వద్దనుకుంటోందిలే అని చావు పక్కింటికి పోతుందని ఆశ. చావుకి అంతమాత్రం తెలివి లేదా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

వాడు పోవడానికి పంతొమ్మిది రోజుల ముందు, వాడి మలం ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, మంచుగడ్డల మధ్య, తెనింగ్ పనిచేసే ప్రయోగశాలకి వచ్చింది. పల్లెల్లో పిల్లల కడుపుల్లో ఏయే సూక్ష్మజీవులు కాపురముంటున్నాయో లెక్క తీయడం ఆమె ఉద్యోగం. ఆ డబ్బాలోంచి, లోకంలో ఇంతవరకూ ఎవరూ చూడని, ఎవరూ రాయని ఒక క్రిమి మొలిచింది. దానికి ఏం తిండి పడుతుంది, ఏ వేడికి బతుకుతుంది, దగ్గర చుట్టాలెవరు, దూరపు చుట్టాలెవరు అని తేల్చడానికి నెలలు పట్టింది. చుట్టాలందరినీ పక్కన నిలబెట్టి పోల్చి చూసినా అది ఎవరిలోనూ కలవలేదు. కొత్త జాతే. బతికున్న క్రిమిని రెండు దేశాల్లో రెండు చోట్ల భద్రం చేయించింది. పేరు పెట్టే హక్కు కనుక్కున్నవాళ్ళదే కాబట్టి బుగుమ పేరు పెట్టింది. ఆ ఆలోచన లతీర్‌ది.

"నా మేనల్లుడు పుస్తకాల్లో ఉంటాడు. సూర్యచంద్రులున్నంత కాలం ఉంటాడు," అని ఊరంతా చాటాడు. ఊరు దాన్ని ఇంకొంచెం పెంచింది. బుగుమ డకార్‌లో గాజుపళ్ళెంలో బతికే ఉన్నాడు, కోదు వదిన పెంచుతోంది అని. ఆ పళ్ళెం చూడ్డానికే ఇవాళ అందరి ప్రయాణం.

"మీరు వెళ్ళి టీ తాగండి," అంది తెనింగ్ మొగుడితో. "నేను మాట్లాడతాను."

"నీ వల్ల కాదు."

"కాకపోతే పోనీ. మీరు వెళ్ళండి."

ఆమె గొంతులో ఏదో విని లతీర్ వెళ్ళిపోయాడు.

*

"నువ్వు కూడానా వదినా?" కోదు మంచం మీద గోడకి తిరిగి కూర్చుంది.

"నిన్ను రమ్మనడానికి రాలేదు." తెనింగ్ గడియ పెట్టింది. ఉత్తరం తీసి మంచం మీద పెట్టింది.

"నాకు చదువు రాదుగా. ఏం కాగితం?"

"ఫ్రాన్సు నుంచి, మన డబ్బాలోది మళ్ళీ పరీక్షించినవాళ్ళు రాశారు. మనం పంపిన దాంట్లో క్రిములే కాదు, ఆ మనిషి ఒంటి తాలూకు నలుసులు కూడా ఉంటాయి. వాటిని కూడా చదివారు. ఆ డబ్బాలో ఉన్నది మగపిల్లాడిది కాదంట కోదూ."

కోదు తలగుడ్డ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. బయట వాకిట్లో లతీర్ ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ తిరగబోస్తున్న చప్పుడు.

"కాగితానికేం తెలుసు," అంది చివరికి.

"మా దగ్గర తారుమారైందేమో అని రెండ్రోజులు వెతికాను. ఆ వారం వచ్చిన నలభై రెండు డబ్బాలూ తీసి చూశాను. తప్పు మా దగ్గర జరగలేదు. ఆ డబ్బా నీ చేత్తో మూత పెట్టి మీ అన్నయ్యకిచ్చావు."

"ఇచ్చాను."

"ఎవరిది?"

"మర్చిపోయా."

"మర్చిపోయేదా ఇది?"

"ఏడాదైంది. గుర్తు లేదు. పో వదినా, తల నొప్పిగా ఉంది."

"కోదూ, నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

కోదు గిరుక్కున తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు, మంట ఉంది.

"చెప్తా విను. నువ్వు డబ్బా చేతిలో పెట్టి ఏమన్నావు? పొద్దున్నే వాడిది పట్టి పంపు, డకార్ పోద్ది, ఫ్రాన్సు పోద్ది అన్నావు. నేనెవర్ని? ఇద్దర్ని మట్టిలో పెట్టినదాన్ని. వాడి గోరు తీస్తే పాతిపెట్టా. వాడి జుట్టు తీస్తే పాతిపెట్టా. వాడి పేరు కూడా వాడికి దక్కకుండా దాచుకున్నా. అలాంటిది వాడి కడుపులోంచి వచ్చింది మూతపెట్టి, పైన పేరు రాసి, ఊరూరా తిప్పమని ఇస్తానా? ఎవడి చేతిలో పడుద్దో, ఎవడు ఏం చేస్తాడో!"

"ఇవ్వనని చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పను? చదువుకున్న వదినకా? అన్నయ్య నీ పక్కన, అమ్మ నీ పక్కన. కాదంటే మూర్ఖపు మొహం అనేవాళ్ళు. ముందు నువ్వే అనేదానివి."

తెనింగ్ కాదనలేకపోయింది. అనేదే.

"అందుకని ఎవరిది వేశావు?"

కోదు చూపు దించేసుకుంది. "సిగా సెలవులకి మా దగ్గరే ఉంది కదా అప్పుడు."

తెనింగ్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పట్టీ మీద కూలబడింది. సిగా ఆమె కూతురు. నాలుగేళ్ళది. పక్కింట్లో ఆడుకుంటోంది ఇప్పుడు కూడా, నవ్వు వినబడుతోంది.

"నా సిగాదా?"

"ఊఁ."

"అంటే, నీ బిడ్డకి ఏమీ తగలకూడదు. నా బిడ్డకి తగిలితే తగలనీ. అంతేనా? మేనత్తవి కదే నువ్వు! దాన్ని నీ ఒళ్ళో పడుకోబెట్టి పంపాను కదే!"

"నువ్వే కదా అన్నావు!" కోదు గొంతు చిరిగింది. "చేతబడీ లేదు కాకరకాయా లేదు, అవన్నీ ముసలమ్మల కబుర్లు అన్నావు. నమ్మనిదాని బిడ్డకి ఏమీ కాదులే అనుకున్నా. నీ మాట నమ్మే ఇచ్చా వదినా. ఒట్టు. నీ మాట నమ్మే."

ఏడవాలో నవ్వాలో తెలియని మాట అది. తెనింగ్ రెండూ చేయలేదు. నిజంగా చూస్తే సిగాకి ఏమీ కాలేదు కూడా. ఏమైనా అయిందంటే అది సిగాకి కాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

ఆ వారం బుగుమకి విరేచనాలు. నెత్తురు జీర కనబడిందని లతీర్ ఊరి నుంచి ఫోన్ చేశాడు. "వాడిది నీ దగ్గర ఉందిగా, ఇంటి మనిషివి, ఏదో చూసి చెప్పు," అన్నాడు. ఆమె చూసింది. అది ఆమె పని కాదు, రోగం తేల్చే చోటు వేరే ఉంది, అయినా చూసింది. చెడ్డ క్రిమి ఒక్కటీ లేదు. "భయం లేదు, కడుపు శుభ్రంగా ఉంది. తిండి చాలక నీరసం. వేరుశనగ ముద్ద పెట్టండి. వానలో బండి కట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తక్కర్లేదు," అంది. శుభ్రంగా ఎందుకుండదు? నగరంలో పాలూ గుడ్డూ తిని పెరిగిన పిల్ల కడుపు అది. పద్నాలుగు నెలల బక్క ప్రాణి కడుపులో ఇన్ని రకాల జీవులా అని ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యాన్ని వ్యాసంలో గొప్పగా రాసింది కూడా. ఒక్కసారి అనుమానపడలేదు. ఇంత చదువు చదివి ఒక్కసారి అనుమానపడలేదు.

"ఏంటి వదినా అలా అయిపోయావు?"

"ఏం లేదు."

"ఏదో ఉంది." కోదు ఆమె మొహంలోకి వంగి చూసింది. చూస్తూ చూస్తూ కోదు మొహం మారింది. "ఆ రోజు నువ్వు భయం లేదన్నావు. అది చూసే కదా అన్నావు? ఆ డబ్బా చూసే కదా?"

తెనింగ్ ఉత్తరం మడత పెట్టసాగింది.

"వాడిదే ఇచ్చుంటే? చెప్పు. వాడిదే పట్టి ఇచ్చుంటే నీకు తెలిసేదా, వాడికేమైందో?"

"కోదూ, ఇప్పుడవన్నీ..."

"తెలిసేదా, తెలిసేది కాదా?"

వీధిలో రొట్టెలవాడు అరుచుకుంటూ పోయాడు. వాడి కేక మూడు ఇళ్ళ అవతలికి పోయింది.

"తెలిసేది," అంది తెనింగ్.

"మందుందా దానికి?"

"ఉంది."

"ఎన్ని రోజులు వేస్తారు?"

"అయిదు రోజులు."

కోదు అయిదు వేళ్ళూ తన ఒళ్ళో పరిచి చూసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని తెనింగ్‌కి అనిపించింది, తనైనా పక్కన కూర్చుని ఏడ్చేది. కోదు లేచింది. తలగుడ్డ విప్పి, దులిపి, అద్దంలో చూసుకోకుండానే బిగించి కట్టుకుంది.

"పద. వస్తా."

"ఇప్పుడెందుకు కోదూ? ఒంట్లో బాగాలేదని చెప్తాను."

"ఎన్నాళ్ళు చెప్తావు? నెలల తరబడి కనబడ్డ ప్రతివాళ్ళూ నీ కొడుకు గాజుపళ్ళెంలో బతికున్నాడంటగా అంటున్నారు. నవ్వి తలూపుతున్నా. ఇవాళ కూడా ఊపుతా." ఆగింది. "వాళ్ళకి చెప్పకు వదినా. అన్నయ్య నరికేస్తాడు, నరకనీ. మా ఆయన మాత్రం ఏమీ అనడు. అదే నా భయం."

"కాగితానికి జవాబు రాయాలి కోదూ. నిజం రాస్తే అచ్చు కాకముందే ఆ పేరు తీసెయ్యాలి. మూడేళ్ళ ఆడపిల్లదని దిద్దాలి. అబద్ధం రాస్తే..."

"ఏదో ఒకటి రాయి. చదువుకున్నదానివి నువ్వు."

*

ప్రయోగశాల గేటు దగ్గరే అన్సుమానా ఎదురొచ్చాడు. తెనింగ్‌తో కలిసి పనిచేస్తాడు. జోలా తెగ మనిషి. జోలా వాళ్ళకీ మాకూ పుట్టుకతో వచ్చిన వరస ఉంది, కనబడితే తిట్టుకోవాలి, తిట్టుకోకపోతే అలిగినట్టు లెక్క.

"ఓరోరి, నా బానిసలు దిగారే!" అన్నాడు జెగాన్‌ని చూసి. "యజమాని ఇంటికి ఉత్తి చేతులతో వచ్చావా, మూటేమైనా తెచ్చావా?"

జెగాన్ కోదు మొగుడు. ఆరడుగుల రైతు. గంజి పెట్టి మెరిసేలా బాదిన పొడుగాటి నీలం అంగీ, బుబు, తొడుక్కున్నాడు, నడుస్తుంటే గరగర చప్పుడవుతోంది. "నోర్మూసుకో. అన్నం కుండ చూపిస్తే అమ్మని కూడా మరిచిపోయే జాతి మీది," అన్నాడు. అని నవ్వాడు. ఏడాది తర్వాత అతని నవ్వు చూసి దిబోర్ ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

చేతిలో మూట నిజంగానే ఉంది. చిన్న గుడ్డమూట.

"ఇదేంటన్నయ్యా?" అంది తెనింగ్.

"వేరుశనగ పలుకులు చెల్లెమ్మా. నిరుటి పంటలోంచి దాచినవి. నువ్వు చెప్పినట్టు రోజూ ముద్ద చేసి పెట్టాంగా వాడికి. చివరి రోజు కూడా రెండు వేళ్ళంత తిన్నాడు." సిగ్గుపడ్డాడు. "లోపలికి పెట్టనివ్వరేమోలే. తేవాలనిపించి తెచ్చా."

తెనింగ్ మూట అందుకుంది. ఏం మాట్లాడిందో ఆమెకే తెలియలేదు.

లోపల బల్ల మీద దళసరి ప్లాస్టిక్‌తో చేసిన పెద్ద గుడారం లాంటి పెట్టె. ఇటు నుంచి అటు కనబడుతుంది. ముందు వైపు రెండు పొడుగాటి రబ్బరు తొడుగులు. చేతులు వాటిలో దూర్చి లోపల పని చేసుకోవాలి. లోపల ఒక గుండ్రటి పళ్ళెం, అడుగున ముదురెరుపు, దాని మీద ఆవగింజల కంటే చిన్న బూడిదరంగు చుక్కలు.

"అదే," అన్నాడు లతీర్. తనే మొలిపించినట్టు.

జెగాన్ పెట్టెకి మొహం ఆనించాడు. "ఇంతమందా!"

"ఒకడే బావా. ఒకడే ఇంతమందయ్యాడు."

"ఈ సంచిలో ఎందుకు పెట్టారు?"

"గాలి పడదు," అన్నాడు అన్సుమానా. పరాచికం మానేశాడు. "మనం పీల్చే గాలి తగిలిందంటే చచ్చిపోతుంది. కడుపులో గాలి ఉండదు కదా, దానికి అదే అలవాటు."

"గాలి పడదా? వాడికి గాలంటే ప్రాణం. బండి మీద ముందు కూర్చోబెట్టేవాణ్ణి. నోరు తెరుచుకుని మింగేవాడు." జెగాన్ మళ్ళీ పెట్టెకి మొహం ఆనించాడు. "ఏం పెడుతున్నారు?"

"గొర్రె రక్తం కలిపిన గంజి లాంటిది," అంది తెనింగ్.

"తింటున్నాడా?"

తెనింగ్ తల తిప్పింది. గుమ్మం దగ్గర కోదు ఉంది, లోపలికి ఇంకా అడుగు పెట్టలేదు. ఇద్దరి చూపులూ కలిశాయి.

"తింటున్నాడన్నయ్యా."

"కడుపు నిండానా?"

"నిండానే."

జెగాన్ తలాడించాడు. అడగకుండానే నీలం అంగీ చెయ్యి పైకి మడిచి, కుడిచేతిని రబ్బరు తొడుగులో దూర్చాడు. అన్సుమానా వారించబోయి ఆగిపోయాడు. మోటు చెయ్యి, లోపల నెమ్మదిగా పాకుతూ వెళ్ళి, పళ్ళెం మూత మీద ఒక్క వేలు ఆనించింది.

"బుగుమా," అన్నాడు. ఊళ్ళో ఎదురుపడ్డ మనిషిని పలకరించినట్టు మొదలుపెట్టాడు. "బాగున్నావా? ఇంట్లో అందరం బాగున్నాం. నాన్నమ్మ బాగుంది, కాళ్ళనొప్పులు తప్ప. మచ్చల ఆవు ఈనింది, పెయ్యదూడ. వానలు పర్వాలేదు. సజ్జ మోకాలెత్తు వచ్చింది. అమ్మ బాగుంది. అమ్మ ఇక్కడే ఉంది, ఇదుగో, సిగ్గుపడుతోంది."

దిబోర్ ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లతీర్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"కోదూ, రా," అన్నాడు జెగాన్ వెనక్కి చూడకుండా. "వాడితో ఒక్క మాట మాట్లాడు."

"అది వాడు కాదు."

కోదు గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది.

"ఏంటే?" అన్నాడు లతీర్.

"వాడు కాదది. ఆ డబ్బాలో నేను వాడిది వెయ్యలేదు." గుమ్మం పట్టుకుని నిలబడింది. "వేసుంటే వాడికేం రోగమో తెలిసేదంట. మందుందంట. అయిదు రోజుల మందు."

లతీర్ చెల్లెల్ని చూశాడు. తర్వాత పెళ్ళాన్ని చూశాడు. "నీకు తెలుసా?"

తెనింగ్ ఒక చేతిలో వేరుశనగ మూట ఉంది. రెండో చెయ్యి జేబులో ఉత్తరం మీద ఉంది. ఆస్పత్రికి పరిగెత్తక్కర్లేదని తనే చెప్పిన సంగతి కోదు దాచేసింది. అది చెప్పవలసినది ఇక తనే.

ఈలోగా జెగాన్ అడిగాడు, పళ్ళెం మీంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా:

"అయితే ఇదెవరు చెల్లెమ్మా?"

అతని చెయ్యి ఇంకా తొడుగులోనే ఉంది. వేలు మూత మీదే ఉంది.